పాత అమెరికన్ నేవీ బ్యాడ్జి వయసు తేల్చాలంటే: గుడ్డను నమ్మాలా, గద్దను నమ్మాలా?

"అమెరికన్ నేవీ రేటింగ్ బ్యాడ్జి ఒకటి కొన్నానండీ, రెండో ప్రపంచ యుద్ధం నాటిదని చెప్పారు, నిజమేనా?" ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంటుంది. (రేటింగ్ బ్యాడ్జి అంటే నావికుడి హోదానూ పనినీ చెప్పే, చొక్కా చేతి మీద కుట్టుకునే గుర్తు.) దాంతోపాటు ఒక ఫొటో కూడా వస్తుంది. అది దాదాపు ఎప్పుడూ బ్యాడ్జి వెనక వైపు ఫొటోనే. గుడ్డ ఉన్నిదేనా, దారం మెరుపు చూశారా, ఇక్కడ పురుగు కొట్టింది చూడండి అంటారు. వెనక వైపు చూస్తేనే అసలు గుట్టు తెలుస్తుందని సేకరించేవాళ్లలో గట్టి నమ్మకం. ఆ నమ్మకం సగమే సరైందని నా అభిప్రాయం. నన్నడిగితే ముందు చూడాల్సింది ముందు వైపే.

కారణం చెప్తాను. ఈ బ్యాడ్జిలు 1886లో మొదలయ్యాయి. పైన గద్ద, నడుమ పనిని చెప్పే గుర్తు, కింద షెవ్రాన్లు, అంటే హోదాను చెప్పే వి ఆకారపు పట్టీలు. ఏ గుర్తు ఎవరిది, ఏ చేతికి కుట్టుకోవాలి, గద్ద ఎటు చూడాలి అన్నవన్నీ నేవీ యూనిఫాం నిబంధనల్లో రాసి ఉన్నవే. నిబంధన మారినప్పుడల్లా ఒక తేదీ ఉంటుంది. గుడ్డకు అలాంటి తేదీ లేదు. నేవీ బ్లూ ఉన్ని గుడ్డ యుద్ధానికి ముందూ ఉంది, యుద్ధంలోనూ ఉంది, ఆ తర్వాత దశాబ్దాల పాటూ ఉంది. 1938 బ్యాడ్జినీ 1955 బ్యాడ్జినీ పక్కపక్కన పెట్టి వేలితో తడిమి చూస్తే తేడా చెప్పడం నిజంగా కష్టం. పురుగు కొట్టిన రంధ్రాల సంగతి సరేసరి, పురుగుకు కొత్త ఉన్నీ పాత ఉన్నీ ఒకటే.

ఇక గద్ద సంగతి. ఎడమ చేతి బ్యాడ్జిని ఎదురుగా పెట్టుకుని చూడండి. ముక్కు మన కుడివైపుకు ఉంటే అది 1941కి ముందు పద్ధతి. చొక్కా మీద కుట్టినప్పుడు ఆ గద్ద వెనక్కి చూస్తున్నట్టు ఉంటుంది. 1941లో దీన్ని మార్చారు. అప్పటినుంచి ఎడమ చేతి గద్ద మన ఎడమవైపుకు, అంటే వేసుకున్న మనిషికి ముందు వైపుకు చూస్తుంది. రెక్కలూ దారాలూ ఎంత మాసిపోయినా తల ఎటు ఉందో తెలుస్తుంది. చిన్న ఫొటోలో కూడా కనిపించే ఆధారం ఇంతకంటే లేదు.

దీనికి చేతి లెక్క కూడా కలపాలి. 1913 నుంచి డెక్ మీద పనిచేసే సీమన్ బ్రాంచ్ వాళ్లు, అంటే బోసన్స్ మేట్, గన్నర్స్ మేట్, క్వార్టర్‌మాస్టర్, సిగ్నల్‌మన్, టార్పెడోమన్స్ మేట్ లాంటివాళ్లు, కుడి చేతికి పెట్టుకునేవారు. మిగతావాళ్లంతా ఎడమ చేతికి. 1949లో ఈ తేడా తీసేసి అందరినీ ఎడమ చేతికి తెచ్చారు. యుద్ధకాలపు కుడి చేతి బ్యాడ్జిలో గద్ద మన కుడివైపుకు చూస్తుంది, ఎందుకంటే ఆ చేతి మీద ముందు వైపంటే అదే. ఎక్స్ ఆకారంలో ఒకదానిమీద ఒకటి పెట్టిన రెండు లంగర్ల గుర్తు బోసన్స్ మేట్‌ది. ఆ గుర్తుతో ఉన్న గద్ద మన కుడివైపుకు చూస్తుంటే అది 1949కి ముందుది. ఎడమవైపుకు చూస్తుంటే, అమ్మేవాళ్లు ఎంత ఘనంగా చెప్పినా, అది యుద్ధకాలపు బ్యాడ్జి కాదు. చాలావరకు 1949 తర్వాతదే అయి ఉంటుంది. మార్కెట్లో యుద్ధం పేరుతో తిరిగే లంగర్ల బ్యాడ్జిల్లో ఇలాంటివి చాలానే కనిపిస్తాయి. ఉన్ని గుడ్డ చూసి కొన్నవాళ్లు పాపం అక్కడే దెబ్బతింటున్నారు.

నడుమ గుర్తు విషయానికొస్తే, కొన్ని గుర్తులు బాగా సాయపడతాయి, కొన్ని అసలు నోరు విప్పవు. యోమన్ (గుమాస్తా) వాళ్ల ఎక్స్ ఆకారపు ఈకలు, గన్నర్స్ మేట్ వాళ్ల ఎక్స్ ఆకారపు ఫిరంగులు తరాల తరబడి నడిచాయి. వాటిని చూసి సంవత్సరం చెప్పలేం. కానీ వైద్య సాయం చేసే ఫార్మసిస్ట్స్ మేట్ గుర్తు రెడ్ క్రాస్. 1948లో ఆ ఉద్యోగం పేరు హాస్పిటల్ కోర్‌మన్‌గా మారినప్పుడు గుర్తు కూడా మారి, పాములు చుట్టుకున్న రెక్కల కర్ర వచ్చింది. ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ వాళ్ల హీలియం పరమాణువు గుర్తు కూడా యుద్ధకాలపు బ్యాడ్జి మీద ఉండే వీల్లేదు. డైమండ్ ఆకారంలో అక్షరం ఉన్న స్పెషలిస్ట్ బ్యాడ్జిలు 1942లో యుద్ధం అవసరాల కోసమే పుట్టాయి. టీచర్లకు టీ అక్షరం, రిక్రూటర్లకు ఆర్, షోర్ పెట్రోల్‌కు (ఒడ్డున నావికులను అదుపులో ఉంచే నేవీ పోలీసులకు) ఎస్. అలాగే గద్ద పైన నక్షత్రం ఉంటే, ఒకటైనా రెండైనా, ఆ బ్యాడ్జి 1958కి ముందుది కానే కాదు. చీఫ్‌ల (ఆఫీసర్ల కింద, నావికుల్లో పెద్ద హోదా వాళ్లు) పైన సీనియర్ చీఫ్, మాస్టర్ చీఫ్ హోదాలు ఆ ఏడాది వచ్చినవే.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. మీ చేతిలో రెడ్ క్రాస్ బ్యాడ్జి ఉంది, గద్ద మన కుడివైపుకు చూస్తోంది. రెడ్ క్రాస్ 1948 వరకు నడిచింది, ఆ చూపు 1941 వరకు. చిన్న హద్దు ఏదో అదే లెక్క. కాబట్టి బ్యాడ్జి యుద్ధానికి ముందు పద్ధతిలో చేసింది. గుడ్డను ముట్టుకోకుండానే ఇంత తేలింది.

అయితే ఈ హద్దుల్లో ఒకటి గట్టిది, ఒకటి మెత్తది. కొత్త రూపం దాని తేదీకి ముందు ఉండదు, ఇది గట్టి హద్దు. పాత రూపం మాత్రం తేదీ దాటాక కూడా కొన్నాళ్లు కనిపిస్తుంది, ఎందుకంటే చొక్కా మీద కుట్టి ఉన్నదాన్ని ఆ మర్నాడే ఎవరూ విప్పరు, షాపులో మిగిలిన సరుకూ ఒక్కరోజులో పోదు. పైగా ఆసియా రేవుల్లో దర్జీలు చేత్తో కుట్టిచ్చిన బ్యాడ్జిలున్నాయి. అవి ఎంత అందంగా ఉంటాయో నిబంధనలకు అంత దూరంగా కూడా ఉండొచ్చు. వాటి విషయంలో గద్ద సాక్ష్యాన్ని కాస్త తగ్గించుకోవాలి.

గుడ్డను నేను కొట్టిపారేయడం లేదు. నకిలీని పట్టుకోవడంలో దానిదే పైచేయి. గద్దనూ గుర్తునూ ఎవరైనా అచ్చు దింపగలరు, కానీ 1930ల నాటి ఉన్నిని ఇప్పుడు తెచ్చి కుట్టడం అంత తేలిక కాదు. పాలిస్టర్ 1950ల మొదట్లో గానీ మార్కెట్లోకి రాలేదు, కాబట్టి యుద్ధకాలపు బ్యాడ్జిలో పాలిస్టర్ దారం ఉంటే అనుమానించాల్సిందే. వెనక అంచున వేలాడే ఒక్క పోగు తీసి కాలిస్తే ఉన్ని జుట్టు కాలిన వాసన వస్తుంది, పాలిస్టర్ కరిగి గట్టి ఉండ అవుతుంది. ఒక్క పోగు చాలు, దయచేసి బ్యాడ్జిని కాల్చకండి. ఇంకోటి, బూడిద రంగు గుడ్డ మీద చీఫ్ బ్యాడ్జి దొరికితే మాత్రం అక్కడ గుడ్డే గెలుస్తుంది. ఆఫీసర్లకూ చీఫ్‌లకూ ఆ బూడిద రంగు యూనిఫాం 1943లో వచ్చి 1949లో పోయింది. తెలుపు, నీలం మాత్రం కాలానికి గుర్తులు కావు, అవి వేసవి, చలికాలపు యూనిఫాంల తేడా.

బ్లాక్ లైట్ (అతినీలలోహిత కాంతి దీపం) కింద మెరిస్తే కొత్తది అనే పరీక్ష ఉంది. ఇప్పటి డిటర్జెంటుతో ఒకసారి ఉతికినా మెరుస్తుంది, అంతకుమించి దాని గురించి చెప్పేదేం లేదు. "మా తాతగారిది" అనే కథలకు కాగితం ఉంటే చూడండి, లేకపోతే వదిలేయండి.

విశాఖ నుంచి అడిగేవాళ్లకు ఒక మాట. ఈ లెక్కలు మన నేవీ బ్యాడ్జిలకు పనికిరావు, మన పద్ధతులు బ్రిటిష్ నేవీ నుంచి వచ్చినవి. అక్కడ ముందు చూడాల్సింది కిరీటం ఉందా, అశోకుడి సింహాలు ఉన్నాయా అని. ఆ మార్పు 1950 జనవరి 26 నాటిది.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. కొన్ని ఫోన్లు సెల్ఫీ కెమెరాతో తీసిన ఫొటోను అద్దంలోలా తిప్పేస్తాయి. అప్పుడు గద్ద చూపు తారుమారై 1941 లెక్క మొత్తం తలకిందులవుతుంది. అందుకే డబ్బు కట్టే ముందు, బ్యాడ్జి పక్కన అక్షరాలున్న నాణెం గానీ కాగితం గానీ పెట్టి ఇంకో ఫొటో తీసి పంపమనండి. అక్షరాలు సరిగ్గా చదవగలిగితేనే గద్ద ఎటు చూస్తోందో లెక్కలోకి తీసుకోండి.