పది అడుగుల మెత్తని రాడ్: అలల ఒడ్డున ఏళ్ల తరబడి వాడాక

అలలు విరిగే ఒడ్డున చేపల కోసం ల్యూర్ (నకిలీ ఎర) వేసేవాళ్లు కొత్త గాలం రాడ్ చూడగానే అడిగేది, ఎంత దూరం పడుతుందని. ఈ పది అడుగుల మీడియం యాక్షన్ రాడ్‌ని ఏళ్లుగా వాడుతున్నాక నేను చూసేది వేరు: తగిలిన చేప ఇసుక మీదికి వస్తుందా, రాదా? ఆ లెక్కన ఇంతకంటే నమ్మకమైనది నా చేతికి రాలేదు.

ఇది కొస ఒక్కటే కాకుండా సగం దాకా వంగుతుంది. బ్రెయిడ్ (పోగులు అల్లిన) దారం దాదాపు సాగదు కాబట్టి చేప కొట్టే కుదుపులన్నీ రాడ్డూ, డ్రాగూ (చేప గట్టిగా లాగితే దారాన్ని జారవిడిచే రీల్ బిగింపు) భరించాలి. పండుగప్ప సంగతే తీసుకోండి. గాల్లోకి లేచి నోరు తెరిచి తల విదిలిస్తుంది. గట్టి రాడ్ అయితే అప్పుడు దారం ఒకసారి బిగిసి, ఒకసారి వదులై, ల్యూర్ బరువే హుక్‌ని ఊడబెరుకుతుంది. ఈ రాడ్ వంపు ఆ వదులును వెంటనే లాగేసుకుంటుంది. దారం నీళ్లలోంచి పైకి లేస్తోందంటే చేప ఎగరబోతోందన్నమాట. ఆ లోపే రాడ్‌ని పక్కకు వాల్చి నీటి మట్టానికి దించేస్తాను.

అసలు పరీక్ష చివరి పదిహేను మీటర్లలో ఉంటుంది. అల వెనక్కి మళ్లేటప్పుడు చేప బరువుకు నీటి లాగుడు తోడవుతుంది. చేప అడ్డం తిరిగిందా, ఆ బరువు ఎన్నో రెట్లు అనిపిస్తుంది. అప్పుడు రీల్ తిప్పను. రాడ్ వంపు అలాగే ఉంచి, డ్రాగ్ వదిలినంత దారం పోనిస్తాను, అవసరమైతే చేపతో పాటు ఒడ్డు వెంట నాలుగడుగులు నడుస్తాను. కాసేపటికి దాని వెనక మరో అల లేస్తుంది. ఇక ఆగకూడదు. అల చేపను ముందుకు తోయగానే దారం వదులవుతుంది, ఎక్కువ చేపలు జారిపోయేది సరిగ్గా ఇక్కడే. గబగబా తిప్పుతూ వెనక్కి నడవాలి. నురుగు పైదాకా పాకి, తిరిగి దిగేసరికి చేప తడి ఇసుక మీద పక్కకు ఒరిగి ఉంటుంది. ఒడ్డుకు తెచ్చింది అలే, మళ్లీ లోపలికి పోకుండా ఆపింది రాడ్. దారం బిగువు తగ్గకుండా రీల్ తిప్పుకుంటూ దగ్గరికెళ్లి, తర్వాతి అల వచ్చేలోపు లిప్ గ్రిప్‌తో (చేప పెదవిని పట్టే పట్టుకారు) పట్టేయాలి.

దయచేసి ఎంత పెద్ద చేపకైనా మోకాలి లోతు దాటి దిగకండి, అలకు వీపు పెట్టకండి. అలాగే రాడ్‌ని నిలువుగా ఎత్తి చేపను లేపే ప్రయత్నం వద్దు. కార్బన్ రాడ్ ఏదైనా అలా ఎత్తితే పైభాగం దగ్గర విరగొచ్చు.

దీనికి 20 పౌండ్ల లాగుడు తట్టుకునే బ్రెయిడ్, దాని చివర ల్యూర్‌కు ముందు 30 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (గట్టి దారం ముక్క) వాడతాను. ఈ రెండింటినీ కలిపే ఎఫ్‌జీ ముడి సన్నగా ఉంటుంది, చేప కాళ్ల దగ్గరికొచ్చి మళ్లీ పరుగు తీసినా గైడ్లలో (రాడ్ మీద దారం దూరే రింగులు) ఇరుక్కోదు. డ్రాగ్‌ని స్ప్రింగ్ త్రాసుతో 5 పౌండ్లకు పెడతాను. చేతి అంచనా కంటే త్రాసు మేలు. ల్యూర్లకు వచ్చే మూడు కొక్కేల హుక్కులు తీసేసి సింగిల్ హుక్కులు వేశాను. చేప ఇసుకలో దొర్లినప్పుడు ఒక కొక్కెం ఇసుకలో గుచ్చుకుని ఇంకో కొక్కెం ఊడే బెడద తప్పింది, చేప నోరూ తక్కువ చిరుగుతుంది. చిన్నవాటిని తిరిగి వదిలేసేవాళ్లకు ఇది చాలా మేలు.

లోపాలు లేకపోలేదు. ఎదురుగాలిలో దూరం బాగా తగ్గుతుంది. 20 నుంచి 40 గ్రాముల ల్యూర్లకు హాయిగా ఉంటుంది కానీ, 60 గ్రాముల మెటల్ జిగ్ (బరువైన లోహపు ల్యూర్) వేస్తే రాడ్ మధ్యలోనే మెత్తబడిపోతుంది. రాడ్ మెత్తన కాబట్టి, దూరాన చేప తగిలినప్పుడు హుక్ లోతుగా దిగాలంటే మొన ఎప్పుడూ పదునుగా ఉండాలి, గోటి మీద పెడితే జారకుండా పట్టుకోవాలి. రెండు ముక్కలు కలిసే చోట వాడకంతో కొంచెం వదులు వచ్చింది, కొవ్వొత్తి మైనం రుద్దితే సరిపోయింది. గైడ్ల ఫ్రేములకు ఉప్పు పట్టి చుక్కలు లేచాయి. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టడం మొదలుపెట్టాక అవి పెరగలేదు. గైడ్ల రింగుల్లోంచి దూది లాగి చూస్తుంటాను. పోగు ఎక్కడ తట్టుకుంటే అక్కడ పగులున్నట్టే, ఆ గైడ్ మార్చేదాకా రాడ్ బయటికి తీయను.