ఊళ్ళో ఉండటమా, టౌన్‌కి దిగడమా, కొడుకింటికి వెళ్ళడమా: పెద్దాళ్ళకి ఏది మేలు?

సంక్రాంతికి వచ్చిన పిల్లలు కనుమ దాటాక బ్యాగులు సర్దుకుంటూ అనే మాట మా శ్రీకాకుళం జిల్లాలో ఏ ఇంట్లో చూసినా ఒకటే. "ఇక్కడ మీరిద్దరే ఏటి చేస్తారు, మాతో వచ్చీండి." తల్లి "సూద్దాంలే నాయనా" అంటుంది. తండ్రి ఏమీ అనడు. మళ్ళీ పండగ దాకా ఆ సంగతి ఎవరూ ఎత్తరు. ఈలోగా ఎవరో ఒకరు జారిపడతారు, లేదా ఇద్దరిలో ఒకరు పోతారు. అప్పుడు పెద్దకర్మ నాడు, చుట్టాలందరి ముందు, భోజనాలయ్యాక గంటలో తేల్చేస్తారు. అలా తేల్చినవి చాలావరకు ఏడాది తిరక్కుండానే బెడిసికొట్టడం చూశాను. అందుకే ఇద్దరూ బాగున్నప్పుడే తూచుకోవాలి.

ప్రేమ ఎవరికి ఎక్కువ, ఖర్చు ఎవరు పెడతారు అన్న దగ్గరే ఈ చర్చలు ఆగిపోతాయి. నేను అడిగేది ఇంకోటి. పెద్దాయన రాత్రి రెండింటికి బాత్రూమ్‌లో పడిపోతే కేక ఎవరికి వినిపిస్తుంది? పొద్దున్న పదకొండింటికి పడిపోతేనో? ఈ రెండింటికీ మనిషి పేరుతో సహా జవాబు చెప్పగలగాలి.

ముందు ఊరి సంగతి. ఇద్దరూ ఉండి, ఎవరి పని వాళ్ళు చేసుకోగలిగినంత కాలం ఊరే మేలు. ఇందులో నాకు అనుమానం లేదు. మా పెద్దమ్మది నరసన్నపేట దగ్గర పల్లె. తెల్లారి వాకిట్లో కల్లాపు పడకపోతే చాలు, ఎదురింటి కోడలు "ఏటత్తా, ఒంట్లో బాలేదా" అంటూ గుమ్మంలోకి వచ్చేస్తుంది. ఫోన్లో ఏ యాప్ పెట్టినా ఇలా కనిపెట్టుకుని ఉండదు. ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం ఉద్యోగి ఇంటికొచ్చి పెన్షన్ ఇచ్చిపోతాడు. 2024 జులై నుంచి అది నెలకి 4,000. కొడుకులు పంపేది ఎంతున్నా, ఆవిడ లెక్కలో ఈ నాలుగు వేలే తన సొంత డబ్బు. మనవరాలికి గాజులు కొన్నా, కోవెలకి చందా ఇచ్చినా ఎవరికీ చెప్పక్కర్లేదు. పొద్దున్న చోడి అంబలి, సాయంత్రం అరుగు మీద కబుర్లు, పెరట్లో నాలుగు వంగ మొక్కలు. రోజు దానంతటదే గడిచిపోతుంది.

అయితే ఊళ్ళో ఉన్న అసలు ఇబ్బంది ఒకటుంది, దాన్ని పిల్లలూ గమనించరు, పెద్దాళ్ళూ ఒప్పుకోరు. "మన వీధోళ్ళు లేరేటి" అంటారు. ఉన్నారు, కానీ వాళ్ళూ ముసలాళ్ళే. ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ వీధిలో రాత్రిపూట బండి తియ్యగలిగిన వాళ్ళు ఎందరున్నారో లెక్కపెట్టి చూడండి. కుర్రాళ్ళంతా విశాఖలోనో, హైదరాబాదులోనో, చెన్నైలో పనుల మీదో ఉంటారు. 108కి ఫోన్ చేస్తే వస్తుంది, నిజమే. కానీ ఫోన్ చేసి, దారి చెప్పి, మనిషిని లేపి ఎక్కించాలిగా? 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి తోటలు నేలకూలి, కరెంటు పోయి, ఫోన్లు కలవక, దూరాన ఉన్న పిల్లలకి అమ్మానాన్నల కబురే తెలియలేదు. అప్పుడు ఆదుకున్నది ఇరుగుపొరుగే. మళ్ళీ అలాంటిదొస్తే ఆ ఇరుగుపొరుగుకి ఓపిక ఉంటుందా?

ఇంకోటి నొప్పి బిళ్ళలు. మోకాళ్ళు పీకుతున్నాయంటే ఆర్ఎంపీ వచ్చి సూది వేస్తాడు, మెడికల్ షాపులో చీటీ అడక్కుండానే బిళ్ళలు ఇస్తారు. వాటిని నెలల తరబడి మింగితే కిడ్నీలకి చేటు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం మా జిల్లాలోనే ఉంది కాబట్టి ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. ఇప్పటికే డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి మాత్రం లెక్క వేరు. వారానికి రెండు మూడుసార్లు వెళ్ళిరావాలి కాబట్టి సెంటరుకి దగ్గరగా ఉండటమే ముఖ్యం. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. ఉద్దానం మనిషిని డయాలసిస్ కోసమే హైదరాబాదు తీసుకెళ్ళాల్సిన పని లేదు.

ఇక కొడుకిల్లు. మా అప్ప వాళ్ళ మావగారు, అత్తగారు పోయాక కూకట్‌పల్లి వెళ్ళారు. కొడుకు మంచివాడు, కోడలూ మంచిదే. ఎనిమిదిన్నరకల్లా ఇద్దరూ ఆఫీసులకి, పిల్లాడు స్కూలుకి. టేబుల్ మీద హాట్‌బాక్సు, పక్కన మాత్రల డబ్బా, తలుపుకి లోపల గొళ్ళెం పెట్టొద్దని రోజూ ఒకసారి చెప్పడం. సాయంత్రం ఏడు దాకా ఆయనా, టీవీ. మధ్యలో డెలివరీ కుర్రాడు బెల్లు కొట్టి ఓటీపీ అడిగితే కంగారు. ఆ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది మందస దగ్గర ఊరని తెలిశాక ఆయన ప్రాణం లేచొచ్చింది. రోజూ లిఫ్టులో దిగి, వాచ్‌మన్ గది ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని జీడి తోటల గురించీ, ఈసారి వానల గురించీ మాట్లాడుకునేవారు. మిగతా ఫ్లాట్ల వాళ్ళు ఏమనుకుంటారోనని కోడలికి ఇబ్బంది. ఆ పిల్లనీ అనలేం, రోజూ ఆ మెట్ల మీదుగా తిరగాల్సింది తనే. ఆయనైతే ఇది విని కిందికి దిగడం మానేశారు. వచ్చిన నష్టమంతా అదే.

నా ప్రశ్న ఇక్కడ వేస్తే జవాబు తిరగబడుతుంది. రాత్రి రెండింటికి పక్కగదిలో కొడుకున్నాడు. ఊరికంటే నూరుపాళ్ళు నయం. పగలు పదకొండింటికి? పక్క ఫ్లాటు తలుపు మూసి ఉంటుంది, అందులో ఎవరుంటారో ఈయనకి తెలియదు. పెద్దాసుపత్రి రెండు కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా, సాయంత్రం ఏడు దాకా పడి ఉంటే ఏం లాభం?

పెన్షన్ ఒక తలనొప్పి. ఒక నెలో, రెండు నెలలో తీసుకోకపోతే తర్వాత కలిపి ఇస్తారు గానీ, వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే వలస వెళ్ళిపోయారని ఆపేస్తారు. దానికోసం ఫలక్‌నుమా ఎక్కి ఆముదాలవలసలో దిగే పెద్దాళ్ళని మీరూ చూసే ఉంటారు. రైల్లో వయసు మళ్ళినవాళ్ళకి ఇచ్చే రాయితీ 2020 మార్చిలో తీసేశారు, తిరిగి ఇవ్వలేదు. పోనీ ఆధార్‌లో చిరునామా హైదరాబాదుకి మార్పిద్దామంటే ఇక్కడి పెన్షనూ, ఆడవాళ్ళకైతే మన ఆర్టీసీలో ఉచిత ప్రయాణమూ పోతాయి.

అంతమాత్రాన కొడుకిల్లు ఎప్పుడూ తప్పే అనను. కొడుకో కోడలో కూతురో ఇంటి నుంచే పనిచేసే వాళ్ళయితే, క్యాన్సర్ లాంటి పెద్ద వైద్యం నడుస్తుంటే, వెళ్ళడమే మంచిది. మతిమరుపు జబ్బు మొదలైందని డాక్టరు చెబితే ఇంకా ముందే వెళ్ళాలి. జబ్బు ముదిరాక కొత్త ఇంట్లో పెడితే బాత్రూమ్ ఎటో తెలియక మనిషి మరీ బెంబేలెత్తిపోతారు.

వంతుల పద్ధతి మాత్రం వద్దేవద్దు. ముగ్గురు కొడుకులు, తలో నాలుగు నెలలు. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. విశాఖ డాక్టరు ఇచ్చిన బీపీ మందు హైదరాబాదు డాక్టరు మారుస్తాడు, బెంగళూరులో మూడోది. ఏ మాత్ర ఎందుకు మింగుతున్నారో ముగ్గురిలో ఒక్కడికీ తెలియదు. పెట్టె ఎప్పుడూ సగం సర్దే ఉంటుంది. అమ్మ ఒకరి దగ్గర, నాన్న ఒకరి దగ్గర అని పంచుకున్న ఇళ్ళూ ఉన్నాయి. యాభై ఏళ్ళు కాపురం చేసిన వాళ్ళు వీడియో కాల్లో "అన్నం తిన్నావా" అని అడుక్కోవడం నాకైతే చూడబుద్ధి కాలేదు.

ఈ రెండింటి మధ్య మనవాళ్ళు పెద్దగా ఆలోచించని దారి ఒకటుంది. ఊరికి పది పదిహేను కిలోమీటర్లలో ఉన్న టౌన్లో, శ్రీకాకుళమో, టెక్కలో, రాజామో, బొబ్బిలో, విజయనగరమో, ఒక ఇల్లు అద్దెకి తీసుకోవడం. ఇద్దరిలో ఒకరికి ఆరోగ్యం దెబ్బతిన్నా, ఒకరే మిగిలినా నా ఓటు దీనికే.

టౌన్లో మా వీధిలో గార వైపు నుంచి వచ్చిన దంపతులున్నారు. ఆయనకి పక్షవాతం వచ్చి తగ్గింది. ఆ జబ్బులో గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది, అదీ స్కాన్ తీశాకే. పల్లె నుంచి బయల్దేరితే సగం సమయం ఆటో కోసమే పోతుంది. ఇక్కడ సర్కారు పెద్దాసుపత్రి పక్కనే ఉంది. ఆవిడ వారానికోసారి ఆర్టీసీ బస్సెక్కి ఊరెళ్ళి, ఇల్లు తుడిచి, మునగాకు కోసుకుని సాయంత్రానికి వచ్చేస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. ఆయనకి అరవై దాటింది కాబట్టి టికెట్లో పావు వంతు రాయితీ. ఊరివాళ్ళు పనిమీద టౌన్‌కి వస్తే వీళ్ళింట్లో టీ తాగి వెళ్తారు. ఆదివారం అరసవల్లికి వచ్చే చుట్టాలకైతే ఇదే మజిలీ. పెన్షన్ కూడా రాష్ట్రం లోపలే కాబట్టి ఈ సచివాలయానికి మార్పించుకున్నారు.

ఇల్లు వెతికేటప్పుడు ఒక్క విషయంలో రాజీ పడొద్దు: ఓనరు పై అంతస్తులో ఉండే ఇంటి కింది భాగం తీసుకోండి. రెండు ప్రశ్నలకీ జవాబు అందులోనే ఉంది. రాత్రి కేక వేస్తే పైన వినిపిస్తుంది, పగలు నీళ్ళ మోటారు వెయ్యడానికైనా ఎవరో ఒకరు కిందికి దిగుతారు. ఆ తర్వాతే మిగతావి: గుమ్మానికి ఒకే మెట్టు, కూర్చునే కమోడ్, గోడకి స్టీలు రాడ్డు, తడిస్తే జారని గచ్చు. నున్నటి టైల్స్ చూసి మురిసిపోకండి.

దీనికీ లోటుంది, అది డబ్బు కాదు. హైదరాబాదు అద్దెలు కట్టే పిల్లలకి ఇక్కడి అద్దె పెద్ద లెక్కేమీ కాదు. పెద్దాళ్ళ మనసులో ఉన్నది వేరే. "అద్దింట్లో ప్రాణం పోతే ఓనరు లోపల ఉంచనిస్తాడేటి?" అంటారు. నిజం, చాలామంది ఉంచనివ్వరు. పదో రోజు కార్యం చేసుకోనివ్వరు. దీన్ని చాదస్తమని కొట్టిపారేస్తే పెద్దాళ్ళు టౌన్‌కి రారు. అందుకే ఊళ్ళో ఇల్లు అమ్మకూడదు, పాడుపెట్టకూడదు. ఏటా వానలకి ముందు పెంకులు సర్దించి, కరెంటు బిల్లు కడుతూ ఉంచాలి. ఏ కబురైనా ఊరింటికే అని ముందే ఒక మాట అనుకుంటే వాళ్ళ టెన్షన్ సగం తీరుతుంది.

వృద్ధాశ్రమం అనగానే మన దగ్గర మొహాలు మాడ్చుకుంటారు. పిల్లలు లేనివాళ్ళకి, చూసే దిక్కులేనివాళ్ళకి మంచి ఆశ్రమం వంతుల బతుకు కంటే వెయ్యి రెట్లు మేలు. చెప్పకుండా రాత్రి భోజనం వేళ వెళ్ళి చూడండి, రాత్రి డ్యూటీలో ఎవరుంటారో అడగండి. ఎక్కడుందో తెలియకపోతే పెద్దాళ్ళ కోసం 14567 అని ఉచిత హెల్ప్‌లైన్ ఉంది, ఎవరైనా హింసపెడుతున్నా దానికే ఫోన్ చెయ్యొచ్చు.

డబ్బు గురించి రెండు ముక్కలు. చేతిలో కాస్త సొమ్ముంటే వడ్డీలకి తిప్పకుండా పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ స్కీములో వేయండి. 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం, అంటే పది లక్షలకి మూడు నెలలకోసారి 20,500. అద్దే, పనిమనిషి జీతం చాలావరకు అందులోంచే వెళ్తాయి. డెబ్బై దాటినవాళ్ళు ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ కార్డు తీసుకోవచ్చు. ఏడాదికి ఐదు లక్షల దాకా వైద్యం, ఆ పథకంలో ఉన్న ఆసుపత్రి దేశంలో ఎక్కడున్నా. ఊరైనా, టౌనైనా, కొడుకిల్లైనా పనికొచ్చేది కాబట్టి ముందు అది చేయించండి.

ఏ దారి ఎంచుకున్నా పొలం, ఇల్లు పిల్లల పేర రాసేయాల్సిన తొందర లేదు. రాసేటట్టయితే "చివరిదాకా మమ్మల్ని చూసుకోవాలి" అన్న షరతు గిఫ్ట్ డీడ్‌లోనే రాయించండి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం ప్రకారం, ఆ షరతు తప్పితే ఆర్డీవో దగ్గరున్న ట్రిబ్యునల్‌కి వెళ్ళి ఆ డీడ్‌ని రద్దు చేయించుకోవచ్చు. ఇలా రాయించమంటే కొడుకులు నొచ్చుకుంటారని సందేహించొద్దు. చూసుకునేవాడికి ఆ ఒక్క వాక్యం వల్ల పోయేదేమీ లేదు.

కొడుకు దగ్గరికే వెళ్దామని మనసు లాగుతుంటే ఒక నెల ఉండి చూడండి. దసరా సెలవుల్లో కాకుండా, అందరూ ఆఫీసులకీ స్కూళ్ళకీ వెళ్ళే జులైలోనో ఆగస్టులోనో. ఇంటి సామాను కదపొద్దు, ఆవుంటే అమ్మొద్దు, పక్కింటివాళ్ళకి తాళం ఇచ్చి వెళ్ళండి. తిరుగు టికెట్ కూడా ముందే, అరవై రోజుల ముందు రిజర్వేషన్ తెరిచినప్పుడే తీసేసుకోండి. మగవాళ్ళకి 60, ఆడవాళ్ళకి 45 దాటితే కింది బెర్తుకి కోటా ఉంది, రైలు టికెట్ రాయితీలా దీన్ని తీసెయ్యలేదు.