ఓపెన్‌టీటీడీ జేజీఆర్ ప్యాచ్‌ప్యాక్: ఫోర్క్ బాగుంది, కానీ వెనక్కి రాలేం

పొడవాటి సొరంగం బయట బొగ్గు రైళ్లు బారులు తీరి ఆగిపోతే ఎంత చిరాకో, రైళ్లూ బస్సులూ నడుపుతూ రవాణా సంస్థను పెంచుకునే కంప్యూటర్ గేమ్ ఓపెన్‌టీటీడీ ఆడేవాళ్లకు బాగా తెలుసు. అసలు గేమ్‌లో సొరంగం లోపల సిగ్నల్ పెట్టే వీలు లేదు. ఒక రైలు పూర్తిగా బయటికి వస్తే గానీ ఇంకోటి లోపలికి పోదు. జేజీఆర్ ప్యాచ్‌ప్యాక్ అనే ఈ ఫోర్క్‌లో, అంటే అసలు గేమ్ కోడ్ తీసుకుని విడిగా నడుపుతున్న వెర్షన్‌లో, ఆ బాధే లేదు. సొరంగాలకీ వంతెనలకీ కూడా సిగ్నళ్లు పెట్టొచ్చు కాబట్టి రైళ్లు ఒకదాని వెనక ఒకటి సాగిపోతాయి. ఫలానా సరుకు మోసే రైలు ఈ దారినే పోవాలని సిగ్నల్‌కే షరతు పెట్టొచ్చు. గేమ్‌లోని రోజు నిడివి పెంచుకోవచ్చు. ఇక నాలాంటి టైమ్‌టేబుల్ పిచ్చి ఉన్నవాళ్లకైతే, రైలు అనుకున్న టైముకే స్టేషన్ నుంచి కదిలేలా చేసే షెడ్యూల్ సౌకర్యం ఒక్కటి చాలు.

ఇంత ఇష్టపడి ఆడుతున్నా, ఎవరైనా అడిగితే వెంటనే వేసుకోమని చెప్పను.

ముందుగా సేవ్ ఫైళ్ల సంగతి. అసలు గేమ్‌లో సేవ్ చేసుకున్న మ్యాప్ ఇక్కడ తెరుచుకుంటుంది. ఇక్కడ సేవ్ చేసింది మాత్రం అక్కడ తెరుచుకోదు. సొరంగంలో సిగ్నల్ అంటేనే తెలియని ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ని చదవలేదు కదా. అంటే నెలల తరబడి కట్టుకున్న రైల్వే అంతా ఈ ఫోర్క్ నడిచినన్నాళ్లే నడుస్తుంది. అసలు గేమ్‌కి కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఆ మార్పులన్నీ ఇందులోకి తెచ్చి కలపాలి. ఇక్కడ ఆ పని శ్రద్ధగా జరుగుతోంది, అందుకు నిజంగా దండం పెట్టాలి. అందరూ ఇంత ఓపిక పట్టరు.

రెండోది నాకు ఎక్కువ బాధ కలిగించేది, కలిసి ఆడటం. గేమ్‌లు దొరికే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో 2021 నుంచి దొరుకుతున్నది అసలు ఓపెన్‌టీటీడీ. కొత్తగా వచ్చే స్నేహితుడి దగ్గర ఉండేదీ అదే. ఆ కాపీతో అతను నా సర్వర్‌లోకి రాలేడు. మామూలుగానే తక్కువగా ఉండే ఆటగాళ్లు ఇలా రెండు గుంపులవుతారు. బగ్ కనిపిస్తే ఎవరికి చెప్పాలన్నది ఇంకో తలనొప్పి.

ఇలా కాకుండా కూడా జరగొచ్చు. ప్రయాణికులకూ సరుకులకూ గమ్యం ఏర్పరిచే కార్గోడిస్ట్ కూడా ఒకప్పుడు విడి ప్యాచే, అంటే గేమ్‌కి విడిగా జోడించుకోవాల్సిన మార్పే. 2014లో 1.4 వెర్షన్‌తో అసలు గేమ్‌లో కలిసింది, అందరికీ అందింది. సొరంగం సిగ్నళ్లకూ ఆ అదృష్టం పట్టాలని నా కోరిక. తప్పనిసరై విడిపోయినవాళ్లూ ఉన్నారు: 2010లో నెక్సూయిజ్ అనే షూటింగ్ గేమ్ పేరూ ఇంజిన్ హక్కులూ ఒక వ్యాపార సంస్థకు వెళ్తే, ఆడేవాళ్లూ డెవలపర్లూ కలిసి జోనోటిక్ అనే ఫోర్క్ మొదలుపెట్టారు. అక్కడ వేరే దారి లేదు. ఓపెన్‌టీటీడీలో అలాంటి తగాదా ఏదీ లేదు, గేమ్ అందరి చేతిలోనే ఉంది.

ఒంటరిగా, పెద్ద మ్యాపుల మీద ఆడేవాళ్లయితే ఐదుకి నాలుగున్నర ఇస్తాను, హాయిగా వేసుకోండి. స్నేహితులతో ఆడేవాళ్లయితే మూడే. ముందు అందరినీ ఒప్పించి ఒకే వెర్షన్ పెట్టించండి. ఎవరైనా సరే, పాత సేవ్ ఫైళ్లను వేరే ఫోల్డర్‌లో కాపీ చేసుకున్నాకే మొదలుపెట్టండి.