అప్‌వర్క్‌లో రైటర్‌గా నిజంగా మంచి డబ్బులు వస్తాయా? వాడుతున్న మనిషిగా నా రివ్యూ

రిమోట్‌గా రాతపని చేసుకుని బతకాలి అనుకునేవాళ్ళు ఫస్ట్ అడిగేది అప్‌వర్క్ (ఫ్రీలాన్సర్లకి, పని ఇచ్చే క్లయింట్స్‌కి మధ్య ఉండే వెబ్‌సైట్) గురించే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. డబ్బులు సేఫ్‌గా చేతికి రావడానికి, మొదట్లో కొంతమంది మంచి క్లయింట్స్ దొరకడానికి ఇది చాలా బాగుంటుంది. కానీ అక్కడ ఎక్కువగా కనిపించే రేట్లే అసలు మార్కెట్ రేట్లు అనుకుంటే మాత్రం ఎన్నేళ్ళు రాసినా అక్కడే ఉండిపోతాం.

ముందు పేమెంట్ సంగతి. ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్ట్ అయితే క్లయింట్ మైల్‌స్టోన్ (పనిలో ఒక్కో భాగం) డబ్బు ముందే ఎస్క్రోలో, అంటే పని అయ్యేదాకా అప్‌వర్క్ దగ్గర ఉండే ఖాతాలో, వేస్తాడు, అది ఫండ్ అయిందని చూసుకున్నాకే రాయడం మొదలుపెట్టండి. పని సబ్మిట్ చేశాక క్లయింట్ ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నా 14 రోజులకి డబ్బు దానంతటదే రిలీజ్ అవుతుంది, ఆ తర్వాత ఇంకో 5 రోజులు హోల్డ్, అప్పుడు విత్‌డ్రా చేసుకోవచ్చు. మొహం కూడా చూడని మనిషికి రాసిచ్చేటప్పుడు ఇదెంత ధైర్యమో, ఇన్‌వాయిస్ పంపి మెయిల్ మీద మెయిల్ పెట్టి అడుక్కున్నవాళ్ళకి బాగా తెలుసు.

గంటల లెక్కన డబ్బులిచ్చే అవర్లీ కాంట్రాక్ట్స్ మాత్రం రైటర్లకి నేను పెద్దగా రికమెండ్ చెయ్యను. గంటలు లెక్కపెట్టే అప్‌వర్క్ ట్రాకర్ ప్రతి 10 నిమిషాల్లో ఒక స్క్రీన్‌షాట్ తీస్తుంది, కీబోర్డ్, మౌస్ కదలికలు కూడా లెక్కపెడుతుంది, కానీ మన పనిలో సగం తలలోనే జరుగుతుంది కదా. పైగా అనుభవం వచ్చేకొద్దీ అదే ఆర్టికల్ సగం టైంలో రాస్తాం, అంటే బాగా రాయడం వచ్చినందుకు తక్కువ డబ్బులు తీసుకున్నట్టు! ఇంటర్వ్యూ కాల్స్, లోతు తెలియని రీసెర్చ్ లాంటివాటికే అవర్లీ పెట్టుకోండి.

మన సంపాదనలోంచి అప్‌వర్క్ తీసుకునే ఫీజు గురించి అందరూ తిట్టుకుంటారు. ఒకప్పుడు ఒక క్లయింట్‌తో మొదటి 500 డాలర్ల మీద 20 శాతం, తర్వాత 10,000 దాకా 10, అది దాటితే 5 శాతం ఉండేది. 2023లో అందరికీ ఒకటే 10 శాతం చేశారు, 2025 మే నుంచి కొత్త కాంట్రాక్ట్స్‌కి 0 నుంచి 15 శాతం మధ్య ఎంతైనా ఉండొచ్చు. పాత పద్ధతే నాకు నచ్చేది, ఒకే క్లయింట్‌తో ఏళ్ళ తరబడి పని చేసినవాళ్ళకి అందులో విలువ ఉండేది. కానీ లెక్క వేసి చూడండి, 1,000 పదాల ఆర్టికల్ పదానికి 5 సెంట్లకి రాస్తే 50 డాలర్లు, అదే 30 సెంట్లకి రాస్తే 300. దాని ముందు ఈ ఫీజు తేడా ఎంత?

ఆ 30 సెంట్లు ఎవరిస్తారు అన్నదే అసలు ప్రశ్న. రాత వల్ల నేరుగా అమ్మకాలు పెరిగే కంపెనీలు ఇస్తాయి: సాఫ్ట్‌వేర్, ఫైనాన్స్, హెల్త్‌కేర్ వాళ్ళకి కేస్ స్టడీలు, వైట్ పేపర్లు (ఒక విషయాన్ని లోతుగా వివరించే రిపోర్టులు), సేల్స్ ఈమెయిల్స్ కావాలి, సబ్జెక్ట్ తెలిసి రాసే మనిషి కావాలి. మీరు ఇంతకు ముందు నర్స్‌గానో అకౌంటెంట్‌గానో చేసుంటే ఆ అనుభవం ప్రొఫైల్‌లో మొదటి లైన్‌లోనే పెట్టండి, "ఏ టాపిక్ అయినా రాస్తాను" అని మాత్రం పెట్టకండి దయచేసి. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక ఏ టాపిక్ అయినా రాసే పని దానికే పోతోంది. క్లయింట్ దగ్గర కొనే కస్టమర్‌తో తామే మాట్లాడి, ఆ మాటల్లోంచి కథ బయటికి లాగి రాసేవాళ్ళకి మాత్రం ఇప్పటికీ గిరాకీ ఉంది.

జాబ్‌కి ప్రపోజల్ పంపాలంటే కనెక్ట్స్ (అప్‌వర్క్‌లో కొనుక్కునే టోకెన్లు) కావాలి, ఒక్కోటి 15 సెంట్లు, లిస్టులో పైన కనబడాలంటే బూస్ట్ పేరుతో ఇంకొన్ని. కాబట్టి కనబడ్డ ప్రతి జాబ్‌కీ పంపొద్దు. క్లయింట్‌కి పేమెంట్ వెరిఫైడ్ ఉందా, ఇప్పటిదాకా ఎంత ఖర్చు పెట్టాడు, పోస్ట్ చేసినవాటిలో ఎన్నిటికి నిజంగా మనిషిని తీసుకున్నాడు, ఇవన్నీ జాబ్ పేజీలోనే ఉంటాయి, రెండు నిమిషాలు చూడండి చాలు. క్లయింట్‌కి లిస్టులో మన ప్రపోజల్ మొదటి రెండు లైన్లే కనిపిస్తాయి, అక్కడ మన పరిచయం కాదు, ఆయన సమస్య గురించి ఒక మాట ఉండాలి.

నచ్చనివి కూడా ఉన్నాయి. మన పని ఎంత బాగా సాగిందో అప్‌వర్క్ శాతంలో చూపించే జాబ్ సక్సెస్ స్కోర్‌లో క్లయింట్ ప్రైవేట్‌గా ఇచ్చిన ఫీడ్‌బ్యాక్ కూడా కలుస్తుంది, అది మనకి చూపించరు, స్కోర్ ఎందుకు తగ్గిందో అర్థం కాక తల పట్టుకోవాలి. మంచి ఫ్రీలాన్సర్లకి ప్రొఫైల్ మీద ఇచ్చే టాప్ రేటెడ్ బ్యాడ్జ్‌కి ఈ స్కోర్ 90 శాతం ఉండాలి కాబట్టి ఇది చిన్న విషయం కాదు, ఇందులో మరింత పారదర్శకత కావాలి.

ఇంకోటి, అక్కడ పరిచయమైన క్లయింట్‌ని 2 ఏళ్ళ దాకా బయటికి తీసుకెళ్ళి డబ్బులు తీసుకోకూడదు, కావాలంటే అప్‌వర్క్‌కి విడిగా ఫీజు కట్టాలి. అందుకే లింక్డ్ఇన్‌లో సొంతంగా వెతుక్కున్నవాళ్ళని మొదటి నుంచీ బయటే ఉంచండి, అప్‌వర్క్‌లో దొరికినవాళ్ళతో అక్కడే నెలవారీ రిటైనర్ (నెలనెలా ఖాయమైన పని, ఖాయమైన డబ్బు) మాట్లాడుకోండి. నెలకి నాలుగు ఆర్టికల్స్ అని ఖాయమైతే ఫీజు పోయినా కొత్త ప్రపోజల్స్ రాసే టైం అంతా మిగులుతుంది.