చెరువు గట్టు కెమెరాలకు 8 పోర్టుల మేనేజ్డ్ స్విచ్: పనికొస్తుంది, కానీ...

భీమవరం వైపు రొయ్యల చెరువులకు ఈ స్విచ్‌లను (కెమెరాల కేబుళ్లను నెట్‌వర్క్‌లో కలిపే, సెట్టింగులు మార్చుకోగల పెట్టెలు) రింగులా కలిపితే ఒక కేబుల్ తెగినా కెమెరాలు ఆగవు. రింగులో డేటా గిరగిరా తిరిగి నెట్‌వర్క్ కుప్పకూలకుండా స్పానింగ్ ట్రీ (ఎస్‌టీపీ) అనే పద్ధతి కాపాడుతుంది: స్విచ్‌లు తమలో తామే ఒకదాన్ని రూట్‌గా, అంటే దారులన్నిటికీ కేంద్రంగా, ఎన్నుకుని, అదనపు దారిని మూసేస్తాయి; కేబుల్ తెగితే దాన్నే తెరుస్తాయి.

చిక్కంతా ఆ ఎన్నికలోనే. ప్రయారిటీ అంకె తక్కువున్నదే రూట్ అవుతుంది. అన్నిటికీ మొదట ఉండే 32768నే వదిలేస్తే, తక్కువ మ్యాక్ అడ్రస్ (తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉన్నదే గెలుస్తుంది. అది గట్టు చివరి పాత డొక్కు స్విచ్ కావచ్చు. షెడ్డులోని దానికి 4096 ఇవ్వండి. స్పానింగ్ ట్రీ మోడ్ ఆర్‌ఎస్‌టీపీ (దాని వేగమైన కొత్త రకం) పెట్టండి; పాత ఎస్‌టీపీ దారి మార్చడానికి 30–50 సెకన్లు తీసుకుంటుంది. రింగు మూసే కేబుల్ ఇవన్నీ అయ్యాకే గుచ్చాలి.

మెనూ గజిబిజి. సేవ్ నొక్కకపోతే కరెంటు పోయొచ్చేసరికి సెట్టింగులు మాయం. ఇనుప డబ్బా కదా, ఉప్పుగాలికి మూతపెట్టెలో ఉంచాల్సిందే.