ఎర్లాంగ్‌తో కొన్నేళ్లు: చదివే ప్రాసెస్ వేరు, లెక్క రాసే ప్రాసెస్ వేరు

విశాఖ చేపల రేవులో ఒక వేలం వర్తకుడి లెక్కల ప్రోగ్రామును కొన్నేళ్లుగా ఎర్లాంగ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నడుపుతున్నాను. బోట్లు ఒడ్డుకు చేరగానే గుమాస్తా బోటు నంబరు, చేప రకం, ధర టైపు చేస్తాడు. మరోవైపు కాటా నుంచి బరువులు వస్తూనే ఉంటాయి. ఎరిక్సన్‌లో 1986లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం మొదలైన ఈ భాష మా రేవుకు ఇంత బాగా కుదురుతుందని నేను అనుకోలేదు.

కీబోర్డు నుంచి వరుస చదివే గెట్‌లైన్ అనే ఫంక్షన్, ఎంటర్ నొక్కేదాకా కదలదు. కానీ ఆగిపోయేది దాన్ని పిలిచిన ప్రాసెస్ (ప్రోగ్రాములో విడిగా నడిచే చిన్న పని) ఒక్కటే. లోపల జరిగేదీ సందేశాల రాకపోకలే: ఇన్‌పుట్, అవుట్‌పుట్ చూసుకునే గ్రూప్ లీడర్ అనే ప్రాసెస్‌కు అభ్యర్థన వెళ్తుంది, జవాబు సందేశంగా తిరిగొస్తుంది. అందుకే చదవడం ఒక ప్రాసెస్‌కు, లెక్క మరో ప్రాసెస్‌కు అప్పగించాను. గుమాస్తా ‘వంజరం’ సగం టైపు చేసి బేరగాళ్ల వైపు తిరిగినా, కాటా బరువులు లెక్కలో పడుతూనే ఉంటాయి.

గెట్‌లైన్ ఇచ్చే వరుస చివర కొత్త లైను గుర్తు కూడా ఉంటుంది. దాన్ని ట్రిమ్‌తో తీసేయకుండా అంకెగా మార్చబోతే బ్యాడార్గ్ (తప్పు విలువ ఇచ్చారనే) దోషంతో ప్రాసెస్ కూలిపోతుంది. కూలేది చదివే ప్రాసెస్ మాత్రమే. లెక్క ప్రాసెస్ దాన్ని మానిటర్ చేస్తుంటుంది కాబట్టి, అది కూలిందని చెప్పే డౌన్ సందేశం అందగానే మరొకదాన్ని పుట్టిస్తుంది. అప్పటిదాకా రాసిన బరువు ఒక్కటీ పోదు. నాకు ఎర్లాంగ్ మీద ఇంత ఇష్టం కలగడానికి ఇదే కారణం.

తెలుగు విషయంలో కొంచెం ఓపిక కావాలి. ఆదేశాలు టైపు చేసే ఎర్లాంగ్ షెల్‌లో ‘విశాఖ’ అని ఇస్తే మామూలుగా 3125, 3135, 3126, 3134, 3094 అనే యూనికోడ్ సంఖ్యల జాబితా కనిపిస్తుంది. ఎర్లాంగ్‌ను నడిపే ఎర్ల్ ఆదేశాన్ని ‘+pc unicode’ అనే ఐచ్ఛికంతో మొదలుపెడితే అక్షరాలే వస్తాయి.

నన్ను నిజంగా విసిగించింది, ప్రాసెస్‌కు వచ్చిన సందేశాలు నిలిచే మెయిల్‌బాక్స్. సందేశాలను అందుకునే రిసీవ్‌లోని ఏ నమూనాకూ సరిపడని సందేశం ఎక్కడికీ పోదు, అక్కడే పేరుకుంటుంది. కొత్త రిసీవ్ మొదలైన ప్రతిసారీ వెతుకులాట సాధారణంగా పాత సందేశాల నుంచే మొదలవుతుంది. దోషం ఏదీ కనిపించదు, ప్రోగ్రాము మెల్లగా మందగిస్తుంది. పంపే ప్రాసెస్ ఆగదు కాబట్టి అటునుంచి హెచ్చరిక కూడా రాదు. ఇప్పుడు లెక్క ప్రాసెస్ రిసీవ్‌లో ఆఖరి నమూనాగా ‘మిగతాదేదైనా’ పెట్టి, వచ్చినదాన్ని లాగ్ ఫైలులో రాయిస్తున్నాను. సందేశాల వరుస పొడవును ప్రాసెస్ ఇన్ఫో అనే ఫంక్షన్‌తో ఒక టైమర్ చూస్తుంటుంది.