అబ్సిసిక్ ఆమ్లం, జిబ్బరెల్లిన్: విత్తనం ఎవరి మాట వింటుంది?

విత్తనం మొలవాలా, ఆగాలా అన్నది ప్రధానంగా రెండు హార్మోన్ల పంతం. అబ్సిసిక్ ఆమ్లం ఆపుతుంది, జిబ్బరెల్లిన్ లేపుతుంది. ఏది ఎంత ఉందన్న దానికన్నా రెంటి నిష్పత్తే ముఖ్యం.

తమాషా ఏమిటంటే, రెండూ పనిచేసేది అడ్డు తొలగించే పద్ధతిలోనే. అబ్సిసిక్ ఆమ్లం తన గ్రాహకానికి అతుక్కోగానే, ఆ జోడీ, స్నార్క్2 కైనేజ్‌లను (ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించి పని చేయించే ఎంజైమ్‌లను) అణిచిపెట్టే పీపీ2సీ అనే ఎంజైమ్ నోరు నొక్కేస్తుంది. దాంతో అంతవరకు అణిగి ఉన్న ఆ కైనేజ్‌లు లేచి, ఏబీఐ5 లాంటి ప్రొటీన్లను ఉసిగొల్పి మొలకను ఆపుతాయి. జిబ్బరెల్లిన్ ఇంకాస్త మొరటు. మొలకకు అడ్డుపడే డెల్లా ప్రొటీన్లకు యుబిక్విటిన్ ముద్ర (పారేయాల్సినవని చెప్పే గుర్తు) వేయించి, కణంలో ప్రొటీన్లను నరికే యంత్రమైన ప్రోటియాజోమ్‌లో ముక్కలు చేయిస్తుంది. బార్లీ గింజలో దీని ఫలితం చూడాలి: పిండం పంపిన జిబ్బరెల్లిన్ పిండిపదార్థం చుట్టూ ఉండే అల్యూరోన్ పొరను చేరుతుంది, అక్కడ పిండిని కరిగించే ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్ ఊరుతుంది, గట్టి పిండిపదార్థం కరిగి చక్కెరవుతుంది.

మొదటిది, అంటే అబ్సిసిక్ ఆమ్లం, లోపిస్తే? అలాంటి మొక్కజొన్న మ్యూటెంట్లలో (జన్యువు మారిన మొక్కల్లో) గింజలు కంకి మీదే మొలకెత్తేస్తాయి. రెండోది లోపించిన టమాటా విత్తనాలు తడిలో నానినా కదలవు, బయటి నుంచి జిబ్బరెల్లిన్ అందిస్తేనే మొలుస్తాయి. నన్నడిగితే ఆపే హార్మోనే తెలివైనది. తొందరపడి మొలిచి ఎండకు చిక్కిన మొలక, మళ్లీ విత్తనంలోకి దూరలేదు కదా!